పెత్తనం లేని చీపురు

కంప్యూటర్ తెర మీద చీపురు బొమ్మ నొక్కితే రోజూ మారుమాట లేకుండా లోపలి చెత్త ఊడ్చేది. ఆ పొద్దున మాత్రం తెరంతా మసకబారి, మధ్యలో ఒక గడి వచ్చి కూర్చుంది. తల్లి కళ్ళజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ ఒక్కో మాటే చదివింది. ‘ఈ పని చేయడానికి మీకు అనుమతి లేదు. నిర్వాహకుల పాస్‌వర్డ్ ఇవ్వండి.’

ముందుగా ఆమెకు తోచింది దొంగలు పడ్డారని. మౌసు మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“బుల్లీ, ఒకసారి ఇటు రావే. మన కంప్యూటర్ ఎవరో తీసేసుకున్నారు.”

“తీసేసుకుంటే ఇంకా బల్లమీద ఎందుకుంటుందమ్మా?” నోట్లో బ్రష్షుతోనే వచ్చింది కూతురు. తెర వంక చూసింది. వెనక్కి వెళ్ళి నోరు కడుక్కుని, తీరిగ్గా వచ్చి నిలబడింది. “ఎవరూ తీసుకోలేదు. నేనే మార్చాను, నిన్న సాయంత్రం. నీ ఖాతాకి పెత్తనం తీసేశాను.”

“ఏం తీసేశావు?”

“అడ్మిన్ అంటారు. కంప్యూటర్లో కొత్తది పెట్టాలన్నా, పాతది పీకాలన్నా హక్కున్నవాళ్ళు. మన మాటల్లో చెప్పాలంటే పెత్తనం. ఇప్పుడది నా ఖాతాకే ఉంది. నీది మామూలు ఖాతా.”

“నేనేం చేశాననీ?”

“మొన్న ‘మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే ఇక్కడ నొక్కండి’ అని వస్తే నొక్కావా, లేదా?”

“ప్రమాదం అంటే నొక్కనా మరి? ఇల్లు తగలబడుతోందని ఎవరైనా అరిస్తే కాళ్ళు బారజాపుకుని కూర్చుంటానా?”

“అరిచినవాడి చేతిలోనే అగ్గిపెట్టె ఉందమ్మా. తలుపు తీసి రమ్మన్నది నువ్వు. వాణ్ణి వదిలించడానికి నాకు ఒక పూటంతా పట్టింది.”

తల్లి ముఖం ముడుచుకుంది. ఈ ఇంట్లో బియ్యం డబ్బా మూత దగ్గర్నుంచి కూతురి జ్వరం మాత్ర దాకా ఏది ఎక్కడుందో తెలిసినది తను. ఆ పిల్లకి అక్షరాలు దిద్దించింది తను. మామూలు ఖాతా అట.

“ముఖం అలా పెట్టకు. పెత్తనం తీశానంతే, పని తీయలేదు. చీపురు కావాలన్నప్పుడు పిలువు, నేను పాస్‌వర్డ్ కొడతాను.” కూతురు వంగి, ఎడమ చెయ్యి అడ్డం పెట్టి, కుడి చేత్తో గబగబా కొట్టేసింది. ఆ అడ్డం పెట్టిన చెయ్యి చూసి తల్లి గోడ వైపు తిరిగింది. చూడొద్దని ఎవరూ చెప్పకముందే.

తెర మీద చీపురు అటూ ఇటూ ఊగింది. ‘పరిశీలిస్తోంది... శుభ్రం చేయబడింది’ అని పచ్చ అక్షరాలు వచ్చాయి. కూతురు తల దువ్వుకోవడానికి వెళ్ళిపోయింది.

ఉన్నది ఒకటే కంప్యూటర్, లోపలి గదిలో. తెరవగానే రెండు గుండ్రాలు కనపడతాయి. ఒకదాని కింద ‘అమ్మ’, ఇంకోదాని కింద ‘బుల్లి’. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తల్లిది. ఆమె బట్టల మీద పేర్లూ బొమ్మలూ కుడుతుంది. కంప్యూటర్లో అక్షరాల నమూనా తయారుచేసి, పెన్‌డ్రైవులో ఎక్కించుకుని, ముందు గదిలో ఉన్న కుట్టుమిషనుకి తగిలిస్తే అది ఆ గీతల వెంబడే సూదిని నడిపిస్తుంది. మధ్యాహ్నం నుంచి కూతురిది. చూపు లేని పిల్లల బడికి పాఠాలు చదివి, గొంతు రికార్డు చేసి ఇస్తుంది. చదివేటప్పుడు ఫ్యాను ఆపేస్తుంది, తలుపు మూసేస్తుంది, గోడలకి దుప్పట్లు వేలాడదీస్తుంది. ఆ మూసిన తలుపు ఇవతల తల్లి గరిటె కూడా చప్పుడు కాకుండా పెట్టేది. లోపల పిల్ల ఊపిరాడక పడిపోతే ఎలా తెలుస్తుందని మాత్రం ప్రతి మధ్యాహ్నం అనుకునేది.

ఆ వారం తల్లి చేతిలో ఉన్నవి ఒక స్కానింగ్ సెంటర్ వాళ్ళ తెల్లకోట్లు. జేబు మీద నీలం దారంతో ఇంగ్లీషులో స్కాన్ అని, కింద చిన్న అక్షరాల్లో ఆ సెంటర్ పేరు. కొలతలకి వెళ్ళిన రోజున అక్కడి బల్లల మీద రిపోర్టు కవర్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళ ముఖాలు చూసి వచ్చింది. ఇంటికొచ్చాక ఆ పూట అన్నం సయించలేదు.

చీపురు ఊడ్చి వెళ్ళాక ఆమె అక్షరాల నమూనా సరిచేసి దాచబోయింది. ‘చోటు చాలదు’ అంది కంప్యూటర్. ఎంత నిండిందో చూపే డిస్కు గీత ఎర్రగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఇప్పుడేగా ఊడ్చింది? చెత్తబుట్ట బొమ్మ వైపు చూసింది. అందులోంచి నలిగిన కాగితాలు ఇంకా పైకి పొడుచుకొచ్చే ఉన్నాయి. తెరిచి చూస్తే పాత నమూనాలన్నీ చెక్కుచెదరకుండా పలకరించాయి. పనికిరాని గులాబీ, వంకరపోయిన చేప, ఎవరో వద్దన్న సింహం.

“ఊడ్చానంటావు, చెత్త ఇక్కడే ఉంది,” అని తెరతోనే అంది. “మరి ఊడ్చిందేమిటే నువ్వు?”

అదే ప్రశ్న మర్నాడు పొద్దున్నా ఆమెను వదల్లేదు. భయపడే మనిషే కానీ, భయంలోనే ఆమెకు ఒక రకమైన కుతూహలం ఉంది. చీకట్లో చప్పుడైతే దుప్పటి ముసుగేసుకునే రకం కాదు, దీపం పట్టుకుని వెళ్ళి చూసొచ్చి మరీ భయపడే రకం. కావాలనే ఒక కొత్త నమూనా గీసింది. పిచ్చి గీతలతో ఒక వంకాయ. దాన్ని చెత్తబుట్టలో పడేసింది. కూతుర్ని పిలిచింది. కూతురు చెయ్యి అడ్డం పెట్టి పాస్‌వర్డ్ కొట్టి వెళ్ళింది. చీపురు ఊగింది. పచ్చ అక్షరాలు వచ్చాయి. ఇంత బరువు దించానని గొప్పగా చెప్పుకుంది కూడా. తల్లి చెత్తబుట్ట తెరిచింది.

వంకాయ అక్కడే ఉంది.

ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. ఫోన్లు అమ్మే కొట్లో పనిచేస్తాడు కాబట్టి ఆ కుటుంబంలో మీటలున్న వస్తువు ఏదైనా అతని వంతే.

“అక్కా, ఆపి మళ్ళీ వేశావా?”

“నీకు ఇంకో మాట రాదురా?”

“దానికంటే పెద్ద మంత్రం లేదక్కా. వేశావా, లేదా?”

“వేశాను. వంకాయ పోలేదు.”

“వంకాయేంటక్కా?”

చెప్పింది. పెత్తనం పోయిన సంగతి కూడా చెప్పింది, చెప్పకూడదనుకుంటూనే. “మా మేనకోడలు మంచి పనే చేసింది. నీకు పెత్తనం ఇస్తే ఊళ్ళోవాళ్ళందరికీ తలుపులు తీస్తావు,” అని నవ్వాడు తమ్ముడు. “ఓ పని చెయ్యి. ఆ చీపుర్ని మొత్తం తీసేసి మళ్ళీ పెట్టు. సగం రోగాలు దాంతో పోతాయి.”

తీసేయబోతే మళ్ళీ అదే గడి. తీసేయడానికి కూడా పెత్తనం కావాలట. చీపుర్ని బయట పారేయడానికి కూడా హక్కులేని ఇల్లు ఎక్కడైనా ఉందా అనుకుంది. మళ్ళీ కూతుర్ని పిలిచింది. కూతురు విసుక్కుంటూ వచ్చి, పాతది తీసి, కొత్తది పెట్టి, ఒకసారి ఊడ్పించి చూపించింది.

“పోయిందా నీ వంకాయ?”

“లేదే.”

“నిక్షేపంలా ఉండనీ. అదేం అన్నం పెట్టమని అడగట్లేదుగా. తిన్నగా నువ్వే ఆ బుట్ట ఖాళీ చేసుకోవచ్చు కదా?”

“చేసుకోగలను. కానీ ఇది ఎందుకు చెయ్యట్లేదో తెలియాలిగా. రోజూ ఏదో బరువు దించానంటోంది. ఎక్కణ్ణుంచి దించుతోంది?”

“అమ్మా, నాకు పాఠం ఉంది. ఈ వారం చివరికి అందకపోతే వేరే గొంతుతో చదివిస్తామన్నారు ఆ బళ్ళో. పిల్లలకి పరీక్షలట. నీ వంకాయ సంగతి ఆదివారం చూద్దాం.”

తల్లి చేసేదేమీ లేక బుట్టను తన చేత్తోనే సగం ఖాళీ చేసింది. నమూనా దాచుకుని ముందు గదిలోకి వచ్చింది. కోటు జేబుని గుండ్రటి ఫ్రేములో బిగించి, కింద గట్టి కాగితం పెట్టి, మడతలు లేకుండా వేలితో నిమిరింది. మిషను నడుస్తుంటే పిడికిలి బిగించి చూస్తూ కూర్చోవడం ఆమెకు అలవాటు. సూది ఎక్కడ విరుగుతుందో, విరిగిన ముక్క ఎక్కడ ఎగిరి కంట్లో పడుతుందో అని. నీలం దారం వంపు తిరిగి మొదటి అక్షరం పూర్తి చేస్తుండగా లోపలి నుంచి కేక వినిపించింది.

“అమ్మా!”

ఆమె మిషను ఆపడం కూడా మరచి పరుగెత్తింది.

కూతురు నేల మీద పడి లేదు. కుర్చీలోనే ఉంది, చెవులకున్న హెడ్‌ఫోన్లు మెడలోకి జారి ఉన్నాయి. “నా ముక్కలన్నీ ఏవి?” అంది.

“ఏం ముక్కలే?”

“ఆటుపోట్ల పాఠం. పాఠమంతా పోయింది. ఒక్కో వాక్యం నాలుగైదుసార్లు చదువుతాను కదా, వాటిల్లో ఏది బాగుందో తర్వాత ఏరుకుంటాను. అన్నీ చెత్తబుట్టలో పెట్టుకున్నాను.”

తల్లికి ఒక్క క్షణం అర్థం కాలేదు. “చెత్తబుట్టలో దాచుకుంటారుటే ఎవరైనా?”

“అది నాకు చెత్తబుట్ట కాదు, అటక! పారేశాననుకున్నదే ఒక్కోసారి బాగుంటుంది. ఎప్పుడూ అక్కడే ఉండేవి. ఇప్పుడు నున్నగా ఉంది.” తెర మీది బుట్టలో కాగితం ముక్క కూడా లేదు. కూతురు కుర్చీ తిప్పి తల్లి ముఖంలోకి చూసింది. “నువ్వు నా ఖాతాలోకి వెళ్ళావా?”

“నేనెందుకు వెళతాను?”

“పొద్దున్నుంచీ చెత్తబుట్ట చెత్తబుట్ట అని ఒకటే గొడవ. నేను స్నానానికి వెళ్ళినప్పుడు కంప్యూటర్లో నా గది తెరిచే ఉంది. నీ వంకాయని వెతుకుతూ నా బుట్ట దులిపావా?”

“లేదే బుల్లీ.”

“మనింట్లో ఉన్నది ఇద్దరమేగా. నేను చెయ్యలేదు.”

“పెత్తనం లేనిదాన్ని, నీ గదిలో ఏం చెయ్యగలనే?” ఆ మాట కొంచెం గట్టిగానే వచ్చింది. కానీ వచ్చాక ఆమెకే అనుమానం పట్టుకుంది. నొక్కానేమో. కళ్ళజోడు లేకుండా ఒకసారి కూర్చున్నాను, ఏదో గుండ్రం మీద నొక్కాను, అది ‘అమ్మ’ కాక ‘బుల్లి’ అయ్యుంటే? ఆమె తలుపు దగ్గర నిలబడి తన కుడి చేతి వేళ్ళ వైపు చూసుకుంది, అవే సాక్ష్యం చెప్పాలన్నట్టు. ముందు గదిలో మిషను తనపాటికి తను కుట్టుకుంటూ పోతోంది. వెళ్ళేసరికి కింది దారం అయిపోయి, సూది ఉత్త చిల్లులు పొడుస్తోంది.

ఆ సాయంత్రం ఇద్దరూ ‘ఉప్పు అందుకో’, ‘లైటు తీసెయ్’ అన్నంత మేరకే మాట్లాడుకున్నారు.

మూడోనాడు కూతురు బడికే వెళ్ళి, అక్కడ వాళ్ళ రికార్డింగు గదిలో పాఠం మళ్ళీ మొదటి నుంచి చదవడానికి బయలుదేరింది. సంచీ భుజాన వేసుకుని, నిలబడే కంప్యూటర్లో ఏదో మార్చింది.

“ఇదిగో, నీ పెత్తనం నువ్వే తీసుకో. రోజూ వచ్చి తాళం తీయలేను.”

“ఇప్పుడెందుకే?”

“ఎలాగూ ఇంక పోవడానికేమీ లేదు,” అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

పెత్తనం అలా తిరిగొచ్చింది. తల్లి వెంటనే దాని జోలికి పోలేదు. గిన్నెలు కడిగింది, మిషనుకి నూనె వేసింది, చుట్టలోంచి కింది దారం ఎక్కించింది. అప్పుడు చేతులు తుడుచుకుని వెళ్ళి చీపురు మీద నొక్కింది. పాస్‌వర్డ్ అడగలేదు. ‘సరేనా?’ అని మాత్రం అడిగింది. సరే అంది. ఊగింది, ఊడ్చింది, పచ్చ అక్షరాలు వచ్చాయి. ఆమె బుట్ట తెరిచింది.

వంకాయ లేదు. సింహం లేదు. మిగిలిన సగం చెత్తంతా పోయింది. ఎర్ర గీత పొట్టిదై నీలంగా మారింది.

ఆమె కుర్చీలో ముందుకి జరిగింది. ఈ చీపురే, ఈ కుర్చీలోంచే. నిన్న బుల్లి తన తాళంతో తీస్తే నా చెత్త కదల్లేదు. ఇవాళ నా తాళంతో తీస్తే పోయింది. నిన్న కూడా బరువు దించానంది కదా. ఆ బరువు ఎక్కడిది? ఆలోచన సగంలో తెగింది, చివర అందని దారంలాగా. నిన్న ఊడ్చినచోట ఏముందో చూస్తే తెలుస్తుంది. నిన్న ఊడ్చినచోటు ఏదై ఉంటుంది?

వెతుక్కుంటూ వెళితే డిస్కు లోపల రెండు ఫోల్డర్లు పక్కపక్కన కనిపించాయి. అమ్మ. బుల్లి. ఆమె రెండోదాని మీద నొక్కింది, వీధిలోంచి పక్కింటి కిటికీ వైపు చూసినట్టు, చూడట్లేదన్నట్టు.

‘ఈ ఫోల్డర్ తెరవడానికి మీకు ప్రస్తుతం అనుమతి లేదు. శాశ్వతంగా ప్రవేశం పొందడానికి కొనసాగించు నొక్కండి.’

శాశ్వతంగా అన్న మాట దగ్గర ఆమె ఆగింది. పాస్‌వర్డ్ అడగట్లేదు, ఎవర్నీ పిలవమనట్లేదు. నొక్కితే చాలు. ఆ పెత్తనం ఇప్పుడు ఉంది మరి. కారణం కూడా మంచిదే, చీపురు సంగతి తేల్చడం. కానీ ఆ మంచి కారణం పక్కనే ఇంకోటి నక్కి ఉందని ఆమెకు తెలుసు. మూసిన తలుపు వెనక రోజూ మధ్యాహ్నమంతా ఆ పిల్ల ఏం చేస్తుంది? పాఠాలేనా? ఈమధ్య చిక్కింది. ఎవరితోనో మెల్లగా మాట్లాడుతుంది. అడిగితే ‘ఏం లేదమ్మా’ అంటుంది. ఏం లేదన్నవాళ్ళకే ఏదో ఉంటుంది.

నొక్కింది.

గదులన్నీ తెరుచుకున్నాయి. ఒకదాంట్లో పాఠాలు, ఒకదాంట్లో ఫోటోలు. ఆమె వాటిలోకి వెళ్ళలేదు. ‘పత్రాలు’ అన్నచోట వరసగా కొత్త ఫైళ్ళు కనిపించాయి. ఇంగ్లీషు అక్షరాలు. మొదటి మాట వారమంతా జేబుల మీద కుట్టినదే, రెండోది ఆ సెంటర్లో కవర్ల మీద చూసినదే కాబట్టి చదవడానికి కష్టపడక్కర్లేకపోయింది. స్కాన్ రిపోర్ట్. స్కాన్ రిపోర్ట్. స్కాన్ రిపోర్ట్. మొన్నటిది ఒకటి, నిన్నటివి రెండు.

ఒక్కరోజులో రెండుసార్లు స్కాన్ తీశారంటే. ఇంట్లోంచి ఎప్పుడు వెళ్ళింది? పాలకని వెళ్ళినప్పుడా? ఇవాళ వెళ్ళింది బడికేనా? బాణం గుర్తుని మొదటి ఫైలు మీద పెట్టి, నొక్కలేక, వెనక్కి తీసేసింది. తెరిస్తే నిజమైపోతుంది. తెరవకపోతే ఇంకా కాస్త సందు ఉంది. అన్నీ మూసేసి ముందు గదిలోకి వచ్చి కూర్చుని, కోటు ఫ్రేములో బిగించి, మిషను నడిపింది. నీలం దారం ఒక్కో అక్షరమే ఆమె కళ్ళముందు మళ్ళీ మళ్ళీ రాస్తూ పోయింది. మధ్యలో సూది విరిగింది. కొత్త సూది ఎక్కించింది.

ఎండ వాలుతుండగా కూతురు వచ్చింది. అలసిపోయినా ముఖం తేటగా ఉంది. “అయిపోయిందమ్మా. మొత్తం పాఠం చదివేశా. ముక్కలన్నీ పెన్‌డ్రైవులో తెచ్చుకున్నా, ఏరడమే మిగిలింది.”

తల్లి దగ్గరికొచ్చి నుదురు మీద చెయ్యి వేసింది. మెడ కింద తడిమి చూసింది. కళ్ళకింద రెప్ప లాగి చూసింది.

“ఏంటమ్మా, గేదెను కొనేవాళ్ళలాగా?”

“నాకు చెప్పకపోతే ఎవరికి చెబుతావే?” అంది. “ఎంత పెద్దదైనా సరే. ఇద్దరం వెళదాం. మందులుంటాయి. ఈ రోజుల్లో నయంకానిది లేదు. ఒక్కదానివే వెళ్ళి మూడుసార్లు స్కాన్ తీయించుకుని, ఆ రిపోర్టులు అక్కడ దాచుకుని...”

“ఏం రిపోర్టులు?”

“స్కాన్ రిపోర్టులు. నీ గదిలో.”

కూతురు నోరు తెరిచి చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. సంచీ కింద పడేసి, గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. “అమ్మా, అది చీపురు రాసుకునే లెక్క! ఊడ్చిన ప్రతిసారీ ఎక్కడెక్కడ వెతికిందో రాసి పెట్టుకుంటుంది. దాని పేరే స్కాన్ రిపోర్ట్! రోగం నాకు కాదు, కంప్యూటర్‌కి!”

“నిజంగానా?”

“నీ మీద ఒట్టు.”

“నా మీద వద్దు. మామూలుగా చెప్పు.”

“మామూలుగానే, నిజం.”

తల్లి కుట్టుమిషను స్టూలు మీద కూలబడింది. ఏడుపు రాబోయి నవ్వుగా మారి, రెండూ కాకుండా ఆగిపోయింది. కూతురి నవ్వు కూడా నెమ్మదిగా తగ్గింది. పూర్తిగా ఆగిపోయింది.

“నా గదిలోకి వెళ్ళావన్నమాట.”

“వెళ్ళాను.”

“నిన్న కూడానా?”

“నిన్న వెళ్ళలేదు. ఇవాళ వెళ్ళాను.”

వీధిలో ఎవరో సైకిలు గంట కొడుతూ పోయారు. కూతురు కింద పడ్డ సంచీ తీసి కుర్చీకి తగిలించింది. తగిలిస్తూ చెయ్యి అక్కడే ఉంచేసింది.

“ఆగు. ఆ రిపోర్టులు నా దాంట్లో ఎందుకున్నాయి? ఊడ్చింది నీ ఖాతాలో కదా?”

“నేనూ అక్కడే ఆగిపోయానే. ఇవాళ నా తాళంతో తీస్తే నా వంకాయ పోయింది. నీ తాళంతో తీసినన్నాళ్ళూ పోలేదు.”

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. కూతురు నిలబడే ఆ రిపోర్టుల్లో ఒకటి తెరిచి, పైనుంచి కిందికి చూసి, మెల్లగా కుర్చీలో కూర్చుంది. “నా పాస్‌వర్డ్ కొట్టాను కదా,” అంది. “చీపురికి నువ్వు కనపడలేదు. పాస్‌వర్డ్ ఎవరిదైతే ఆ మనిషే పిలిచిందనుకుంది. నీ గదిలో నిలబడి నా గది ఊడ్చింది. మొదటిరోజు నుంచీ నా బుట్టే ఖాళీ చేస్తూ వచ్చింది.” “చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నేనే పోగొట్టుకున్నాను. నిన్ను అనవసరంగా అన్నాను,” అంది.

“అంటే అన్నావులే. నిన్న వెళ్ళకపోయినా, ఇవాళ వెళ్ళాగా.”

“అది వేరు.”

“వేరేం కాదు.” తల్లి పక్కన నిలబడి తెర వైపే చూస్తూ అంది. “తీసెయ్.”

“ఏంటి?”

“ఆ పెత్తనం. నాకొద్దు.”

“ఇప్పుడేమైందమ్మా? తప్పు ఎక్కడో తెలిసిపోయిందిగా. నీ చీపురు నీ చేత్తో నడుస్తోంది.”

“చీపురు సంగతి కాదే. నాకు భయమేస్తే నా చెయ్యి నా మాట వినదు. రేపు ఇంకోటి తోస్తుంది. ఎల్లుండి ఇంకోటి. తలుపు ఉందని తెలిస్తే తీస్తూనే ఉంటాను.”

కూతురు ఆమె ముఖం వంక చూసి, తల్లిది మళ్ళీ మామూలు ఖాతాగా మార్చింది. చీపురు అమరికల్లో వెతికి, ‘నా ఫైళ్ళు మాత్రమే’ అన్నచోట గుర్తు పెట్టింది. అలా అయితే ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదట, ఎవరి చెత్త వాళ్ళదే. “సరిపోయింది,” అని లేచింది.

తల్లి కూర్చుని తన గుండ్రం నొక్కి లోపలికి వెళ్ళింది. డిస్కు, రెండు ఫోల్డర్లు, రెండోది. నొక్కింది. టక్కున తెరుచుకుంది.

ఆమె తలుపు వైపు చూసింది. కూతురు అప్పటికే వంటింట్లో నీళ్ళు తాగుతోంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పెత్తనం పోయినా ఈ ఒక్క కిటికీ ఉండిపోయింది, ఎవరూ అడగరు. భయమేసిన రోజున పనికొస్తుంది.

“బుల్లీ,” అంది. “ఇంకా తెరుచుకుంటోందే.”

కూతురు గ్లాసుతోనే వచ్చింది. “అదెలా? తీసేశాగా.”

“శాశ్వతంగా అని ఉందే అందులో. నొక్కేశాను.”

ఇద్దరూ ఒకే కుర్చీ అంచుల మీద కూర్చుని వెతికారు. కూతురు తన గుండ్రంలోంచి వెళ్ళి ఆ ఫోల్డర్ లక్షణాలు తెరిచింది, మూసింది, ఇంకోచోట తెరిచింది. “ఇది కాదేమో.” “ఆ పక్కది నొక్కి చూడు.” “అది నొక్కితే ఏమవుతుందో?” “నువ్వు ఇక్కడే ఉన్నావుగా.” చివరికి భద్రత అన్న గడిలో, ఎవరెవరికి ప్రవేశం ఉందో చెప్పే పేర్ల వరస దొరికింది. అన్నిటికంటే కింద ‘అమ్మ’ అని ఉంది. కూతురు దాని మీద నొక్కగానే ఆ పేరు నీలంగా వెలిగింది. కింద ఒక మీట, ‘తొలగించు’.

కూతురి చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. “ఇలా చూస్తే అదోలా ఉందమ్మా. ఉండనీ.”

“నేనక్కడ ఉండాల్సినదాన్ని కాదు,” అని తల్లి తన చేతిని కూతురి చేతి మీద వేసి, వేలితో వేలిని నొక్కింది. పేరు పోయింది. వరస కాస్త పైకి జరిగింది.

కూతురు కాసేపు ఆ ఖాళీని చూసింది. పెన్‌డ్రైవు తగిలించింది, హెడ్‌ఫోన్లు విప్పి తల్లి చెవులకి పెట్టింది. “ఇవాళ చదివినవి. ఏరడంలో నాకు సాయం చెయ్యి. ఏది బాగుందో చెప్పు.”

చెవుల్లో కూతురి గొంతు, దగ్గరగా, ఇంట్లో ఎప్పుడూ మాట్లాడనంత నిదానంగా. చంద్రుడు నీళ్ళను తన వైపు లాక్కుంటాడని, కాసేపటికి వదిలేస్తాడని చెబుతోంది. అదే వాక్యం మళ్ళీ. మళ్ళీ ఇంకోసారి. నాలుగోసారి మధ్యలో దగ్గు. చిన్నది కాదు, లోపల్నుంచి వచ్చినది. తల్లి చెయ్యి హెడ్‌ఫోను తీయడానికి పైకి లేచింది. ఈలోగా అదే గొంతు, పాఠం చదివే గొంతు కాదు, తనలో తను గొణుక్కుంది. ‘అమ్మ గానీ వినుంటే ఈపాటికి ఆసుపత్రిలో మంచం వేయించేది.’ ఒక నవ్వు. మళ్ళీ చంద్రుడు.

లేచిన చెయ్యి గాల్లోంచి దిగి ఒళ్ళోకి వచ్చింది.

“ఏది బాగుంది?” కూతురు అడిగింది.

“అన్నీ బాగున్నాయి. మూడోది ఇంకా.” హెడ్‌ఫోన్లు తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, తల్లి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి వెలిగించిన చప్పుడైంది.

“అమ్మా, ఏం పెడుతున్నావు?” లోపలి గదిలోంచి కేకేసింది కూతురు.

“టీకేనే,” అంది తల్లి, వేడెక్కుతున్న నీళ్ళలో పుక్కిలించేంత ఉప్పు వేస్తూ.